హార్లన్ పట్టుకున్న బంతి

మెస్కీట్ గ్యాప్ ఊళ్ళో శుక్రవారం ఆట ఓడిపోతే శనివారం పొద్దున లొరీన్ డోనట్ల కొట్టులో కాఫీ రెట్టింపు అయిపోతుంది. గెలిచిన మర్నాడు జనం ఎవరిళ్ళల్లో వాళ్ళు పడుకుని హాయిగా నిద్రపోతారు. ఓడిన మర్నాడే ఎవరికీ నిద్ర పట్టదు. పొద్దున్నే వచ్చి కిటికీ పక్క బల్ల చుట్టూ చేరి, బడి ఫుట్‌బాల్ జట్టునీ కోచ్‌నీ కలిపి ఉతికి ఆరేస్తారు.

ఆ శనివారం పత్తి చేల మీంచి పొగమంచు దిగి కొట్టు అద్దాల దాకా వచ్చింది. బయట పెట్రోలు బంకు కూడా కనబడటం లేదు. లోపల వెచ్చగా ఉంది, నూనె వాసన, పంచదార వాసన. ఊరంతా ఇంకా కలలోనే ఉన్నట్టుంది, ఈ బల్ల దగ్గరి నోళ్ళు తప్ప.

ఆ బళ్ళో పదకొండుమంది ఆటగాళ్ళు దొరకరు కాబట్టి అక్కడి ఫుట్‌బాల్ ఆరుగురి ఆట. బంతిని చంకన ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్ళని తప్పించుకుని అవతలి గీత దాటాలి. దానికో నియమముంది, ఊళ్ళో నడక వచ్చిన ప్రతి బిడ్డకీ తెలుసు. బంతి మొదట ఎవడి చేతికొస్తే వాడు తనే ముందుకి ఉరకకూడదు, ఇంకొకడికి అందించాలి. తనే ఉరికితే ఆ పరుగు చెల్లదు.

నిన్న రాత్రి ఆఖరి ఎత్తులో కోచ్ నోలన్ ఆ బంతిని టోబీ అనే బక్కపలచటి పిల్లాడికి అందించమన్నాడు. టోబీ అంతకు ముందే ఒకసారి జారవిడిచాడు. మళ్ళీ జారవిడిచాడు. ఎదుటి జట్టు బ్లూ హిల్ వాళ్ళు గెలిచి బస్సెక్కి పాటలు పాడుకుంటూ పోయారు.

ఈ నోలన్ లొరీన్ అల్లుడు. సోమవారం బడి కమిటీ కూర్చుని అతన్ని ఉంచాలా, పంపాలా అన్నది తేలుస్తుంది. కమిటీ రెండుగా చీలిపోయింది, తేల్చాల్సింది పత్తి రైతు వెండెల్ ఒక్కడే. ఆ వెండెల్ ఇప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చుని డోనట్ తుంచుకుంటున్నాడు. నోలన్‌ని పంపిస్తే ఏ ఊరి బడి పిలిస్తే ఆ ఊరికి పోతాడు, కూతురు డార్లా పోతుంది, ఇద్దరు మనవరాళ్ళూ పోతారు. కొట్టు కట్టేసి ఇంటికెళితే లొరీన్‌కి ఇక పలకరించే దిక్కుండదు. ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. కోచ్ అత్తగారు కోచ్‌ని వెనకేసుకొస్తే ఊరు నవ్వుతుందని ఆమెకి తెలుసు. అందుకే కాఫీ పోస్తూ, చెవులు మాత్రం అటు పడేసి ఉంది.

మాటంతా హార్లన్‌ది. బోర్లు వేసి వేసి రిటైరైన మనిషి. వేసిన ప్రతి బోరులోనూ నీళ్ళు ఇంటి కప్పు దాకా లేచాయని చెప్పుకుంటాడు, ఆ ఊళ్ళో సగం బోర్లు ఎండిపోయే ఉన్నా సరే. టోపీ మోకాలికి తగిలించి, టోబీవి చేతులు కావన్నాడు, వెన్న పూసిన కర్రలన్నాడు. అలాంటివాడికి బంతిచ్చిన కోచ్‌కి బుర్ర లేదన్నాడు. తమ రోజుల్లో కోచ్ గ్రిమ్స్ అయితే అలాంటి పిల్లాణ్ణి గట్టు మీద కూచోబెట్టి మంచినీళ్ళు అందించమనేవాడన్నాడు. బడి బస్సు నడిపే ఆటిస్ ఈ ఊరికి ఆలస్యంగా వచ్చినవాడు, వినడమంటే సరదా. అతను కప్పు ముందుకి జరిపి, మీ రోజుల్లో బ్లూ హిల్‌తో ఏమైందేమిటని ఎగదోశాడు. హార్లన్‌ని ఎగదోయక్కర్లేదు, పక్కకి తప్పుకుంటే చాలు.

"నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అని మొదలెట్టాడు హార్లన్. "చేసింది కూడా పెద్ద ఘనకార్యమేం కాదు. ఆఖరి ఎత్తు, మేం వెనకబడి ఉన్నాం, బంతి పట్టుకున్నాను, ముగ్గుర్ని తప్పించుకుని గీత దాటాను. అంతే."

"కిందటిసారి అయిదుగురన్నావు," అన్నాడు ఆటిస్.

"తొందరపడకు. ముగ్గురూ మొదటి అంగలో. రెండో అంగలో మిగతా వాళ్ళు. మూడో అంగలో వాళ్ళ కోచ్ కూడా అడ్డొచ్చాడు పాపం, ఉండబట్టలేక. ఇవాళ్టి లాగే మంచు ఆ రోజు. జనం అరుస్తున్నారు గానీ నా చెవికి ఏమీ వినబడదు, నీళ్ళ అడుగున పరిగెత్తుతున్నట్టుంది. బంతి చంకలో వెచ్చగా ఉంది, అప్పుడే పెట్టిన గుడ్డులాగ. గీత దాటాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాళ్ళు ఆగలేదు."

వెండెల్ డోనట్ తుంచడం మానేశాడు. లొరీన్ కూడా జగ్గు బల్ల మీద పెట్టింది. హార్లన్ ఎంత కోతలరాయుడైనా, అతని గొంతు ఇలా మెత్తబడినప్పుడు వినకుండా ఉండటం కష్టం.

మైదానం చివర తడిక దాటాడట. అవతల వెండెల్ వాళ్ళ నాన్న పత్తి చేను.

"కాయలింకా విచ్చలేదు. నేను సాలు వెంట పోతుంటే నా గాలికి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. వెనక్కి తిరిగి చూశాను. నేనొచ్చిన దారి మేరా తెల్లగా, పడుకోవడానికి ఎవరో పక్క పరిచినట్టుంది. ఆ ఏడు మీ నాన్న అందరికంటే ముందు పత్తి తీశాడు వెండెల్, అడుగు కావాలంటే."

"ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందండీ," అన్నాడు వెండెల్.

"పోకముందు అడగాల్సింది. సరే, కుందేళ్ళు రెండు నాతో పాటు బయల్దేరాయి. నది దాకా వచ్చి ఆయాసపడి ఆగిపోయాయి. నేను నది మీద నడిచానని అనను, అబద్ధం చెప్పకూడదు. పరిగెత్తాను. తడవడానికి నీళ్ళకి వ్యవధి దొరకలేదు."

ఆటిస్ పకపకా నవ్వాడు. హార్లన్ నవ్వలేదు. అతని కళ్ళు అద్దం అవతలి మంచులో ఎక్కడో ఉన్నాయి. రాష్ట్రం పొలిమేర దాటాడట, పక్క రాష్ట్రంలో ఇసుక నేల మీద పడ్డాడట. అక్కడ వెన్నెల్లో ఒకావిడ తీగ మీద బట్టలు ఆరేస్తోందట.

"ఎవరనుకున్నావు? మా అమ్మ. నాకు ఏడేళ్ళప్పుడు పోయింది కదా, చూడగానే పోల్చుకున్నాను. నోట్లో క్లిప్పు తీసి, 'చొక్కా ఎక్కడ చింపుకున్నావురా హార్లన్?' అంది. ఆటలో చిరిగిందమ్మా, బంతి నా దగ్గరే ఉంది చూడు, అన్నాను. 'జారవిడవకు, పో,' అంది."

ఈసారి ఆటిస్ కూడా నవ్వలేదు. లొరీన్‌కి ఈ అమ్మ సంగతి కొత్త. కథ ఏటేటా పెరుగుతూనే ఉంది గానీ, ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. ఒక్క క్షణం ఆమె నోలన్‌ని, సోమవారాన్ని, అన్నీ మరిచిపోయింది.

అక్కణ్ణించి నేల అయిపోయిందట. నేల అయిపోతే మామూలు మనిషి ఆగుతాడు. హార్లన్‌కి ఆగడం చేతకాలేదు, అంచు మీంచి అలాగే పైకి పోయాడు. మబ్బులు మెత్తగా ఉన్నాయట, కాకపోతే కాలు పెడితే మడమ దాకా దిగుతుందట. చంద్రుడి దాకా పోయి చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. అక్కడ గీత గీసి లేదు, ఎక్కడ దాటితే పాయింటిస్తారో తెలియదు. అందుకని వెనక్కి వచ్చేశాడట.

"వచ్చి చూస్తే, రిఫరీ చేతులింకా పూర్తిగా పైకి లేవలేదు. ఇదుగో, ఈ లొరీన్ అప్పుడు బడి బ్యాండులో క్లారినెట్ ఊదేది. నేను బయల్దేరినప్పుడు ఎత్తుకున్న పాట నేను వచ్చేసరికి ఇంకా సగంలోనే ఉంది. ఏం లొరీన్?"

లొరీన్ బల్ల మీద పడిన పంచదార గుడ్డతో తుడిచింది.

హార్లన్ టోపీ తీసి నెత్తిన పెట్టుకుని వెండెల్ వైపు వంగాడు. గొంతు మారిపోయింది. "అదయ్యా సంగతి. గ్రిమ్స్ అంటే కోచ్. చేతులున్నవాడెవడో చూసి వాడికిచ్చేవాడు. జారవిడిచేవాడికి రెండోసారి బంతిచ్చే కోచ్ మనకెందుకు? సోమవారం చెయ్యెత్తు, పంపించెయ్. నా కథే నీకు సాక్ష్యం."

వెండెల్ కప్పులోకి చూస్తూ తల ఆడించాడు. ఊరికే ఆడించిన తల కాదది. లొరీన్ చూసింది. చూసిన మరుక్షణం కోపం వచ్చింది.

కోపం ఒక్క నోలన్ గురించే కాదు. హార్లన్ ఆడిన ఆ రోజు జట్టులో బంతి మొదట చేతికొచ్చేది రాయిస్‌కి, లొరీన్ మొగుడికి. పోయి నాలుగేళ్ళయింది. హార్లన్ కథ చెప్పిన కొత్తలో రాయిస్ బంతి విసిరేవాడు. తర్వాత తర్వాత అందించేవాడు. పోయినేడు కథలో ఊరికే పక్కన నిలబడ్డాడు. ఈ పొద్దు చంద్రుడి దాకా పోయొచ్చిన కథలో రాయిస్ అసలు లేనే లేడు.

"హార్లన్, బంతి నీకెవరిచ్చారు?" అంది.

"ఎవరివ్వడమేంటి? తిన్నగా నా చేతికే వచ్చింది. పట్టుకున్నాను, పరిగెత్తాను."

ముందు ఆటిస్‌కి వెలిగింది. "మొదట నీ చేతికొచ్చి నువ్వే పరిగెత్తితే చెల్లదుగా," అన్నాడు మెల్లగా. "అంటే చంద్రమండలం దాకా పోయొచ్చినా సున్నాయేనా?" వెండెల్ కాఫీ పొలమారి దగ్గాడు. ఇద్దరూ బల్ల కొడుతూ నవ్వారు. హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి.

లొరీన్ నవ్వలేదు. చేతులు ఏప్రానుకి తుడుచుకుని వచ్చి బల్ల చివర కూర్చుంది. ఆ కొట్టు తెరిచినప్పట్నించి ఆమె ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"రాయిస్ ఇచ్చాడు," అంది. "నువ్వు జారవిడిచావు."

"లొరీన్..."

"అంతకు ముందూ ఒకటి జారవిడిచావు. అయినా నీకే ఇమ్మన్నాడు గ్రిమ్స్. అదీ పోయింది. ఆట పోయింది. నేను ఊదుతున్న పాట సగంలో ఆగిపోయిన మాట నిజమే, బ్యాండు మాస్టరు ఆపెయ్యమన్నాడు. మర్నాడు ఊరంతా గ్రిమ్స్‌ని తీసెయ్యమంది, జారవిడిచేవాడికి రెండోసారి బంతిస్తాడా అని. ఇప్పుడు నువ్వన్న మాటే. నీ గురించే అన్నారు."

ఆమె జగ్గు పక్కకి జరిపింది. "ఇన్నేళ్ళూ నేనెందుకు నోరెత్తలేదో తెలుసా? ఈ కథ విన్న ప్రతిసారీ ఇంటికెళ్ళి రాయిస్‌తో చెప్పేదాన్ని, నీ స్నేహితుడు మళ్ళీ అబద్ధాలాడాడని. 'పోనీలే, మైదానంలో జారిపోయింది, కథలోనన్నా పట్టుకోనీ,' అనేవాడు. నేనూ పట్టుకోనిచ్చాను. చంద్రుడి దాకా పోతే పోనిచ్చాను. కానీ ఆ బంతి పెట్టి నువ్వు ఆ టోబీని కొడితే, నా పిల్లల్ని ఊళ్ళోంచి పంపేస్తే, ఊరుకోలేను హార్లన్. నా వల్ల కాదు."

బయట మంచులోంచి పత్తి ట్రక్కొకటి దీపాలేసుకుని మెల్లగా పోయింది. ఆటిస్ కప్పు తిప్పుతున్నాడు. హార్లన్ టోపీ మళ్ళీ తీసేశాడు. టోపీ లేకపోతే అతని తల చిన్నదిగా కనబడింది.

"తర్వాత శుక్రవారం ఏమైందండీ?" అని అడిగాడు వెండెల్, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

హార్లన్ తన అరచేతులు చూసుకున్నాడు.

"నేను ఆడనన్నాను. పొద్దున్నే గ్రిమ్స్ మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బండెక్కు, అన్నాడు, అంతే. ఆ రాత్రి మొదటి ఎత్తులోనే రాయిస్ మళ్ళీ నాకే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నవ్వాడు వెధవ."

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"ఎంత దూరం పరిగెత్తారు?"

"నాలుగు గజాలు," అన్నాడు హార్లన్. "తర్వాత పడేశారు. పడినా బంతి వదల్లేదు. లేపడానికి వచ్చినవాళ్ళకి కూడా ఇవ్వలేదు."

లొరీన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నాలుగు గజాలూ ఆమెకి గుర్తున్నాయి. రాయిస్ ఎగిరి గంతేయడం గుర్తుంది. గట్టు మీద ఆమె క్లారినెట్ కింద పడేసి చప్పట్లు కొట్టింది. ఇంత నిజం కడుపులో పెట్టుకుని, మనిషి ఆ చంద్రుడి దాకా ఎందుకు పోయాడో ఆమెకి అర్థం కాలేదు.

వెండెల్ లేచి కోటు తొడుక్కున్నాడు. వచ్చే శుక్రవారం ఇంకో ఆట ఉందన్నాడు. టోబీకి బంతి అందుతుందో లేదో చూడాలని ఉందన్నాడు, అందించమనే కోచ్ ఉంటేనే కదా చూసేదన్నాడు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"సోమవారం మీటింగుకి రండి హార్లన్ గారూ. కమిటీకి ఆ కథ చెప్పండి. నాలుగు గజాలది. అంతకు మించి ఒక్క గజం వద్దు."

హార్లన్ బుగ్గ గోక్కున్నాడు. లొరీన్ వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు.

"అయిదు చెయ్యనా?" అన్నాడు. "వినేవాళ్ళకి బావుంటుంది."

"నాలుగే," అంది లొరీన్ జగ్గు అందుకుంటూ. "బంతి ఎవరిచ్చారో ముందు చెప్పు."