మూడు వందల గజాల అవతలి పళ్లెం

అంత దూరాన గొలుసుకు వేలాడుతున్న ఇనప పళ్లెం. ఇవతల చాప మీద బోర్లా పడుకుని, చెవులకు మోత ఆపే డిప్పలు పెట్టుకుని, చిన్న తూటాల రైఫిలుతో ముసలాయన. పక్కనే స్టూలు మీద, టెలిస్కోపుకు కన్ను ఆనించి, ఆయన భార్య.

"తగిలింది."

"ఎక్కడ?"

"పళ్లానికి. ఇంకెక్కడ తగులుతుంది, నా నెత్తికా?"

"పళ్లెంలో ఎక్కడే అంటున్నా."

"కొంచెం... ఎడమగా."

"గాలి కుడికి కొడుతుంటే తూటా ఎడమకి పోయిందా? ఎదురీదిందా ఏం?"

"మీ చేతిలోంచి వెళ్ళిన తూటా కదండీ. ఎవరి మాట వింటుంది?"

"మరి టంగుమని మోగలేదేం?"

"మోగింది. మీ చెవులే ఎప్పుడో రిటైరయ్యాయి. డాక్టరుకి చూపించుకోండి అంటే వినరు."

"చెవుల డాక్టరుకేగా? కళ్ళ డాక్టరుకి కాదుగా?"

"కళ్ళకేం? నేను జుట్టు కత్తిరించుకుంటే తప్ప అన్నీ కనబడతాయి మీకు."

"రేపు క్లబ్బు పరీక్ష. ఐదింట్లో మూడు తగలకపోతే చాప చుట్టేసుకుని పొమ్మంటారు. తగులుతాయంటావా?"

"ఇవాళ ఐదూ తగిలాయి కదా."

"ఐదూనా! వయసులో ఉన్నప్పుడే ఐదూ కొట్టలేదు. చూపు మందగించడం బాగా కలిసొచ్చినట్టుంది."

"మందగించిందని ఎవరన్నారు?"

"రేపు టెలిస్కోపు దగ్గర కూర్చునేది కార్యదర్శి. ఆయనకి నా మీద నీ అంత ప్రేమ లేదు."

"అయితే రేపు జ్వరమని చెప్పండి."

"ఎల్లుండి ఏమని చెప్పను?"

"మీ అన్నయ్యగారు రైఫిలు అమ్మేసి కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆ చలికాలం దాటారా?"

"అందుకని తగలనివన్నీ తగిలాయంటావా?"

"తగిలాయి కాబట్టే అన్నాను."

"ఈ చెవి డిప్పలు ఏం చేస్తాయో తెలుసా నీకు?"

"మోత వినబడకుండా చేస్తాయి. అంతేగా."

"పెద్ద మోతని ఆపుతాయి. చిన్న చప్పుడుని పెంచుతాయి. లోపల బ్యాటరీ ఉంది."

"ఎప్పుడు... ఎప్పుడు కొన్నారు?"

"పోయిన వేసవిలో. అప్పట్నుంచీ పక్కవాళ్ళ పళ్లెం మోగడం విన్నా. నాది మోగడం వినలేదు. నువ్వు నిట్టూర్చడం విన్నా. దాని వెంటే 'తగిలింది' అనడం విన్నా."

"తెలిసీ ఎందుకొచ్చారండీ, వారం వారం?"

"నువ్వెందుకొచ్చావు?"

"నేనా? నాకు ఇంట్లో పనీ పాటా లేక."

"బాగుంది. అయితే లే. రైఫిలు బోల్టు తెరిచే ఉంది, పేలదు, వచ్చి చాప మీద పడుకో."

"నేనా? నాకేం వచ్చండీ కాల్చడం?"

"నాకు మాత్రం ఏం వచ్చింది ఇన్నాళ్ళూ? క్లబ్బులో నా చోటు నిన్ననే నీ పేరుకి మార్పించాను. కొత్తవాళ్ళకి ఏడాదిదాకా పరీక్ష లేదట. పడుకోవే, తగిలిందో లేదో నేను చెప్తా."