పడవలో పూలమొక్కలు

ఇంగ్లండు దక్షిణ తీరంలోని ఒక ఊళ్లో, టౌన్ కౌన్సిల్ కోటు వేసుకుని ఒడ్డుకొచ్చిన అక్క కొడుకును, వల బాగుచేసుకుంటున్న పిన్ని తలెత్తి చూడలేదు.

"మన ఊరి చరిత్రకు గుర్తుగా నీ పడవను కూడలిలో పెడతాం పిన్నీ. నిండా పూలమొక్కలు వేస్తాం."

"ఏం చరిత్ర నాయనా? ముత్తాతల కాలంలో సముద్రస్నానాలకని లండన్ దొరలొచ్చి, మన వలలు కంపన్నారు. రైలొచ్చాక మన గుడిసెలు పీకి హోటళ్లు కట్టారు. యుద్ధమప్పుడు ఫ్రాన్సులో చిక్కుకున్న సైనికుల్ని తేవడానికి మాత్రం మన పడవలే కావాల్సొచ్చాయి."

"అందుకేగా ఈ గౌరవం."

"సమాధి మీద వేసే పూలు బతికున్న పడవలో వేస్తావా?"

"ఒడ్డున పడవలుండకూడదని తీర్మానం అయిపోయింది. నేనూ చెయ్యెత్తాను."

"మీ అమ్మ చేపలమ్మి పెంచిన చెయ్యి కదా, బాగానే లేస్తుంది."

పిన్ని వల పక్కన పెట్టి లేచింది.

"పోటొచ్చింది, పడవ దించుతున్నా. అడ్డం నిలబడతావో, తోస్తావో నువ్వే తేల్చుకో."

అతను కోటు విప్పి గులకరాళ్ల మీద పడేసి, పడవకు భుజమానించాడు.