నూట ముప్పై కింద చుక్కలు

దర్జీ ఇల్లు. పొద్దున్న. కిటికీ పక్క బల్ల దగ్గర తండ్రి, కూతురు, బీపీ మిషను.

"కదలకు నాన్నా. మాట్లాడకు కూడా."

"నేనేం మాట్లాడానూ?"

"ఇదిగో, ఇదే. చెయ్యి బల్ల మీద పెట్టు. పిడికిలి విప్పు."

"ఆ పట్టీ అలా కాదు చుట్టేది. మోచేతికి రెండు వేళ్లు పైకి. ఏడాది పాటు మీ అమ్మకి చూసినవాణ్ణి, నాకు చెప్తావా?"

"తెలుసు. పుస్తకం చూశాను."

"ఏ పుస్తకం?"

"అమ్మ బీపీ నువ్వు రాసింది. మిషను పెట్టెలోనే ఉంది."

"దాన్నెందుకు తీశావు? పాత కాగితాలు. పారెయ్."

"నీదీ అందులోనే రాద్దామని. చూడు, మాట్లాడావు, అంకె రాలేదు. మళ్లీ చూడాలి."

"చాల్లే. గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రాయి నిన్న మెట్ల మీద ఎందుకు కూలబడింది? డాక్టరు దగ్గరికి పోదాం."

"ఎవడు, మీ అమ్మని చంపినవాడా? మాత్ర సగం చేసి మనిషిని మింగాడు. వాడి గుమ్మం తొక్కను."

"వీధంతా అదే చెప్పావు."

"ఉన్నదే చెప్పాను."

"ఆయన ఈ పుస్తకం చూసే కదా తగ్గించాడు?"

"చూశాడో, చూడలేదో."

"నూట ముప్పై. నూట ఇరవై ఎనిమిది. మళ్లీ నూట ముప్పై. ఏడాది పొడుగునా ఇంతే."

"ఎంతుంటే అంత రాశాను."

"వీటి కింద ఈ చుక్కలేమిటి?"

"కలం కక్కింది."

"రోజూనా? ఒకరోజు నాలుగు, ఒకరోజు అయిదు, వరసగానా?"

"వెలుతురు చాలట్లేదు. కిటికీ తియ్యి."

"తీసే ఉంది. షాపులో కొలతల పుస్తకంలోనూ ఇవే చుక్కలు నాన్నా. అమ్మా నేనూ కాజాలు కుట్టింది దాని పక్కనే కూర్చుని. ఆవిడెవరికో నడుము ముప్పై ఎనిమిదుంటే, పైకి ముప్పై ఆరని చెప్పి అదే రాసేవాడివి. కింద రెండు చుక్కలు. ఆవిడ మురిసిపోయి వెళ్లేది. నువ్వు ముప్పై ఎనిమిదికే కోసేవాడివి."

"ఏం, ఎవరికైనా బిగుతయిందా?"

"అమ్మకి ఒక్కో చుక్కా ఎంత?"

"పట్టీ విప్పు. చెయ్యి తిమ్మిరెక్కింది."

"చెప్పు నాన్నా. ఎంత?"

"పది."

"నూట ముప్పై కింద అయిదు చుక్కలు. నూట ఎనభై."

"ఎక్కువుందంటే వణికిపోయేదే. వణికితే ఇంకా ఎక్కేది. పట్టీ విప్పకముందే 'ఎంతండీ, ఎంతండీ' అని ప్రాణం తోడేది. నోటితో చెప్తే నమ్మదు, పుస్తకం చేతికివ్వాలి. చూసి నవ్వేది. 'తగ్గిందండీ' అనేది. ఆ మాట అన్నాకే ముద్ద దిగేది."

"మరి డాక్టరుకి?"

"చెప్దామనే వెళ్లాను. నేను కూర్చునేలోపే మీ అమ్మ పుస్తకం ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన భేష్ అన్నాడు. రెండు పూటలా వద్దు, ఒక పూట మాత్ర చాలన్నాడు. ఆవిడేమో నా మొహంలోకి చూసి నవ్వుతోంది. అప్పుడు నోరు విప్పితే అబద్ధాలకోరుని. రేపొచ్చి ఒక్కణ్ణీ చెప్తాలే అనుకున్నా."

"ఎన్ని రేపులు?"

"పంతొమ్మిది. ఇరవయ్యో రోజు బాత్రూంలో పడింది."

"ఆయన్నేమో హంతకుడన్నావు."

"అన్నాను. ఎవణ్ణో ఒకణ్ణి అనకపోతే అద్దంలో మొహం చూసుకోలేను. గుడ్డయితే నేనే కోసేవాణ్ణి. మందు కోసింది ఆయన. రాసింది చూసి కోశాడు. ఏమిటలా చూస్తావు? తిట్టు."

"చెయ్యి ఇటు పెట్టు."

"తిట్టవే!"

"మాట్లాడకు... ఆఁ, వచ్చింది. నూట డెబ్భై రెండు. నూట డెబ్భై రెండనే రాస్తున్నా. కింద చుక్కల్లేవు."

"రాయి. సాయంత్రం ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లు. చెప్పాల్సింది చెప్తాను."

"సరే."

"ఒక్కటి చెప్పు. ఆ చుక్కల సంగతి నీకెలా తెలిసింది? ముప్పై ఏళ్లు కాపరం చేసి మీ అమ్మకే చెప్పలేదు నేను."

"నాకు నేర్పింది అమ్మే నాన్నా."