పటేలు తుపాకికి కొల్త

వీపనగండ్లల కమ్మరి మల్లేశం కొలిమి. పెద్ద యుద్ధం అయిపోయిన ఏడు, నడి పొద్దు.

“మల్లేశం లేడంటివి. మరి నువ్వేం జేస్తవే?”

“మా ఇంటాయన ఇనుము తేనీకె వనపర్తికి పోయిండు పటేలా. మాపటికొస్తడు. కొల్తలు నేనే తీస్త. గిదేం తుపాకి? గిట్లాంటిది నేనెన్నడు సూడలే.”

“గుంజుడు తుపాకి. కింది పిడి ఎనక్కి గుంజి ముంగటికి తోస్తె తూటా ఎక్కుతది. యుద్ధం నుంచొచ్చిన సిపాయి అగ్గువకు ఇడిసిండు. నువ్వీ ఊరిదానివేనా?”

“చిన్నప్పుడే లగ్గమయి వచ్చిన. అడివిపందుల కోసమా?”

“ఇంటి కోసం.”

“ఇంట్లకు గింత పొడుగెందుకు?”

“అందుకే తెచ్చిన. మంచం మీద కూసోని తిప్పబోతె గోడకు తగుల్తుంది. భుజానికానే కర్ర కోసి పొట్టిగ చెయ్యాలె. కింది పిడి గూడ చెమట చేతికి జారుతుంది.”

“చెమటెందుకు పడ్తది పటేలా?”

“చెప్పింది చెయ్యి.”

“అడిగితేనే కద తెల్సేది. కుడి భుజమా?”

“ఎడమ. కుడిది లేవదు, వాతం.”

“మంచం యాడుంటది?”

“మంచంతోని నీకేం పని?”

“గోడకు తగుల్తదంటివి. ఏ దిక్కు తిప్పుతవో తెల్వక కర్ర ఎంత కొయ్యాలె?”

“దక్షిణం అర్రల. తలుపు నా కాళ్ల దిక్కు.”

“గొళ్లెం గట్టిదేనా?”

“పట్టదు. బాగు చేసేటోడు ఉండాలె గద. మా ఊర్ల కమ్మరి లేడు. గందుకే పుట్టి పడవెక్కి కృష్ణ దాటి ఈడికొచ్చిన.”

“గట్టు దిక్కు అంత పెద్దూరికి కమ్మరి లేడా?”

“ఉండె. కురుమయ్య అని. జైలుకు పోయిండు.”

“ఏం జేసిండు?”

“దొంగలకు బరిసెలు చేసిచ్చిండని కేసు.”

“చేసిండా?”

“సాక్షం పడ్డది.”

“ఎవరు జెప్పిండ్రు సాక్షం?”

“నేనే... ఊరి పటేలును, నేను గాకపోతె ఎవరు చెప్తరు? జర చెయ్యి ఆడనియ్యి, పొద్దు పోతుంది.”

“ఆడుతనే ఉంది. భుజం ఇటు తిప్పు. ఆయన మాన్యం చేను బీడు పడ్డదేమో పాపం.”

“పడొద్దనే నేను దున్నిస్తున్న.”

“ఇంట్ల ఎవరూ లేరా ఆయనకు?”

“ముసల్ది ఉండె, తల్లి. కొడుకును చూస్తనని గద్వాలకు నడ్సుకుంట పోయి తొవ్వలనే పడి సచ్చింది. ఏందే, దారం తెంపితివి?”

“పొగ. కండ్లల్ల పడ్డది. ఆగు, మల్ల కొలుస్త.”

“మొన్న ఇడిసిండ్రట వాన్ని.”

“గందుకా తుపాకి?”

“ఊరికి రాలే. యాడున్నడో తెల్వదు. గదే పరేషాన్. కండ్ల ముంగట ఉంటె నేను భయపడ్తనా?”

“నువ్వెందుకు భయపడ్తవ్ పటేలా. కొసకు సున్నం బొట్టు పెట్టిస్త, చీకట్ల గురి దొర్కుతది.”

“నాకు రేచీకటి. బొట్టు గిట్టు కనపడదు. లాంతరు పెట్టుకుంట.”

“పటేలమ్మ పట్టదా లాంతరు?”

“పుట్టింటికి పంపిన. నౌకర్లను గూడ నమ్మేటట్టు లేదు. నేనొక్కన్నే.”

“కుక్క గూడ లేదా?”

“సచ్చింది. అయిందా కొల్త?”

“అయింది. ఇంకేం మిగల్లే. తుపాకి, తూటాలు ఈడ పెట్టు, పిడి గుంజితె ఎక్కుతున్నయో లేదో సూడాలె.”

“ఇగో. ఎల్లుండికి గావాలె. మల్ల పుట్టెక్కి రాలేను, ఎవరితోనన్న పంపు. నమ్మకమైన మనిషుండాలె.”

“మా అన్న తెస్తడు.”

“మా ఊరి తొవ్వ తెల్సునా ఆయనకు?”

“పుట్టిన ఊరే పటేలా. తొవ్వ కురుమయ్యకు ఎరికే. మంచం ఏ దిక్కుందో నేను చెప్త.”