డాక్టరు అనని మాట

హడర్స్‌ఫీల్డ్‌లో ఓ ఆసుపత్రి వరండా. గది లోపల విల్ఫ్ ఆక్‌రాయిడ్, డెబ్బై ఎనిమిదేళ్ళవాడు, పుట్టుచెవుడు. బయట అతని కూతురు జానిస్. ఆమె ఎదుట, డాక్టరు మాటల్ని ఇప్పుడే అతనికి సైగల్లో చెప్పి వచ్చిన బ్రిడీ.

"ఏమ్మా, నిన్నే! ఎక్కడికి జారుకుంటున్నావ్? చచ్చిపోతారని నాన్నకి చెప్పమని ఎవరన్నారు నీతో?"

"డాక్టరుగారే అన్నారండీ."

"అబద్ధం! పక్కనే ఉన్నాను, నాకు చెవులున్నాయి. ‘ఇంకా అడవి దాటలేదు’ అన్నాడు. అంతే!"

"అన్నారు. గండం గడవలేదని దానర్థం. ఆ తర్వాత ‘ఇల్లు సర్దుకోవడం మంచిది’ అన్నారు. అంటే, పోయేలోగా వ్యవహారాలు చక్కబెట్టుకోమని."

"సర్దుకోమన్నాడు! చచ్చిపోతారన్నాడా?"

"సర్దుకోమని సైగ చేస్తే మీ నాన్నగారు ఇంటికెళ్ళి కుర్చీలు సర్దుతారు. నేను అర్థం చెప్పాలండీ. అదే నా పని."

"గొప్ప పని! కాస్త మెత్తగా చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"మీ ముందే అడిగాను కదా డాక్టరుగారిని, అంటే చనిపోతారనేనా అని."

"దానికేమన్నాడు? ‘వేళ్ళు పెనవేసుకుని చూద్దాం’ అన్నాడు. మంచే జరగాలని కోరుకుందామనేగా!"

"అంటూనే అవునన్నట్టు తలూపారు. క్రిస్మస్ దాకా ఇప్పుడే ఆలోచించొద్దన్నారు. మీరప్పుడు కిటికీ వైపు తిరిగిపోయారు."

"నేనెటు తిరిగితే నీకెందుకు! నా ఏడో ఏటి నుంచీ నాన్నకి అందరి మాటలూ సైగల్లో నేనే చెప్తున్నా. బ్యాంకులో, బడిలో, పళ్ళ డాక్టరు దగ్గర, అన్నిచోట్లా నేనే. మధ్యలో నువ్వెవరు?"

"పిలిస్తే వచ్చాను."

"ఆసుపత్రి వాళ్ళేగా? వాళ్ళ మీదా రాస్తా ఫిర్యాదు. పేరు చెప్పు నీది!"

"బ్రిడీ టోలన్. రాసుకోండి."

"ఎంత పొగరు! పొద్దున టీ తాగుతూ పావురాల కబుర్లు చెప్పారు తెలుసా ఆయన? ఇప్పుడు చూడు, గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నేనైతే..."

"మీరైతే ఏం చెప్పేవారు?"

"బలానికి మందిస్తారు, బెంగపడకు అని. అమ్మప్పుడూ అలాగే... వదిలెయ్."

"అమ్మగారప్పుడు?"

"వదిలెయ్ అన్నానా! ... పదేళ్ళు నాకు. డాక్టరు నా భుజం తట్టి ‘మీ నాన్నని చెడ్డ కబురుకి సిద్ధం చెయ్యి తల్లీ’ అన్నాడు. పదేళ్ళ పిల్లతో! నాకర్థమైంది. అయినా అమ్మ ఆదివారానికి ఇంటికొచ్చేస్తుందని చెప్పాను నాన్నకి."

"ఊఁ."

"ఊఁ ఏంటి, ఊఁ! ఇంకేం చెప్పమంటావ్? ఆయన సంబరంగా మెట్లు కడిగారు, పైగదికి పసుపు రంగేశారు. ఆ రంగు ఆరకముందే పోయింది అమ్మ. పక్కన ఎవరూ లేరు. నాన్న ఇంట్లో, నిచ్చెన మీద ఉన్నారు. నావల్లే. ఆయనకిప్పటికీ తెలీదు, డాక్టర్లే దాచారనుకుంటారు."

"జానిస్ గారూ, నన్ను పిలిపించింది ఆసుపత్రి వాళ్ళు కాదు."

"మరెవరు?"

"పోయిన మంగళవారం మీ నాన్నగారే చీటీ రాసి నర్సు చేతికిచ్చారట. నా దగ్గరే ఉంది. చదవండి."

"‘సైగలొచ్చిన మనిషినెవరినైనా పిలవండి. చావు కబురు మా జానిస్ చేత చెప్పించొద్దు. దాని పదో ఏట, వాళ్ళమ్మప్పుడు, డాక్టర్లు ఒకసారి చెప్పించబోయారు. అప్పట్నుంచీ పాపం, డాక్టరు నోరు విప్పితే చాలు, నా పిల్ల కిటికీ వైపు తిరిగిపోతుంది.’"