కుదరదు మేస్త్రీ

రైఫిల్ క్లబ్బులో చేరావా? నువ్వా? బొద్దింకని చూస్తే మంచమెక్కేదానివి, తుపాకీ పట్టుకుంటావా? మీ అమ్మకి చెప్పావా మరి? చెప్పలేదు కదూ. నాకు తెలుసులే, ముందు అమ్మమ్మని మంచి చేసుకుంటే అమ్మ సంగతి అమ్మమ్మే చూసుకుంటుందని నీ ఎత్తు. సరే, చేరితే చేరావు. అక్కడ తుపాకులు కొత్తవేనా? అది కనుక్కున్నావా? ఆ, నవ్వు నవ్వు. ఈ ముసల్దానికి తుపాకుల గొడవెందుకనేగా. మా అన్నయ్య తుపాకుల మేస్త్రీ తల్లీ. మీ అమ్మకి స్వయానా మేనమామ. నువ్వు పుట్టకముందే పోయాడు. రేవులో గోదాములకి ఒక కాపలా దళం ఉండేది, సైన్యం వాడి వాడి వదిలేసిన పాత రైఫిళ్ళు వాళ్ళకిచ్చారు. వాటిని విప్పడం, తుడవడం, బాగుచెయ్యడం మా అన్నయ్య పని. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తులేదు. కుదరదు మేస్త్రీ అనేవాళ్ళు. ఏం అడిగినా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటేగా మరి. ఈ తుపాకీ గొట్టం ఇంకో ఏడాది లాగుతుందా మేస్త్రీగారూ? కుదరదు. సెలవు ముందుకి జరుపుకుంటారా? కుదరదు. అంతే. ఎందుకు కుదరదో చెప్పడు. చెప్పేసి మళ్ళీ పనిలోకి తల దూర్చేవాడు. ఎదుటివాడు కాసేపు నిలబడి, తనలో తాను నాలుగు తిట్టుకుని వెళ్ళిపోవాల్సిందే. ఇంట్లోనూ అంతే. మా వదినైతే, ఈ మనిషితో కాపురం చెయ్యడంకంటే గోడకి బొట్టు పెట్టుకుని ఉండటం నయం అనేది. పాపం ఆవిడ నోరు మంచిదే, ఆయన ఆడించిన ఆట అలాంటిది.

ఒక్కసారే కుదురుతుందన్నాడు, అది నా పెళ్ళికి. మీ తాతయ్య ఆ దళంలోనే కాపలా ఉద్యోగి, పెళ్ళిళ్ళు కాకముందు ఆయనా మా అన్నయ్యా ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఒకడు వాగుడుకాయ, ఒకడు మూగనోము, ఎలా కలిసిందో ఆ స్నేహం. మీ తాతయ్య సంబంధం మాటెత్తగానే మా నాన్న అన్నయ్య మొహంలోకి చూశాడట. కుదురుతుంది అన్నాడట. ఇక మా నాన్న జాతకాలూ అవీ ఏం అడగలేదు, వాడే కుదురుతుందన్నాక ఇంకేం కావాలని. అలా అయింది నా పెళ్ళి. ఏంటలా చూస్తావు? మీ తాతయ్య అప్పట్లో ఎలా ఉండేవాడనుకున్నావు. రెండు కళ్ళతోనూ చూసేవాడు నన్ను.

అదే చెప్తున్నా. కట్టెలు కొడుతుంటే చీలిక తగిలి కన్ను పోయిందని మీ అందరికీ చెప్పాం కదా, అది నేను అల్లిన కథ. పిల్లలకి మేనమామ మీద కోపం రాకూడదని అల్లాను. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, నువ్వు ఊదకు. అసలు జరిగింది ఇది. మీ తాతయ్య గురి గట్టిది. దళాలన్నిటికీ కలిపి ఏడాదికోసారి పోటీ పెట్టేవాళ్ళు, దానికి మూణ్ణెల్ల ముందునుంచే ఈయన కాలు నేలమీద నిలిచేది కాదు. ఆయనకి ఎప్పుడూ ఒకే తుపాకీ. దాని మడమ దగ్గర చెక్క ఆయన దవడకి అరిగి నున్నగా అయిపోయిందనేవాడు. నన్ను కూడా అంత ముద్దుగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు పోటీకి ముందు అన్నయ్య అన్ని తుపాకులూ విప్పి చూస్తున్నాడు. బోల్టు తెలుసు కదా నీకు? తూటా వెనకనుంచి మూసే గడియ. పేలుడు దెబ్బంతా దానిమీదే పడుతుంది. దానికి రెండు పక్కలా రెండు చెవుల్లాంటివి ఉంటాయి, అవి లోపల గాళ్ళలో కూర్చుని ఆ దెబ్బని ఆపుతాయి. అన్నయ్య ప్రతి బోల్టునీ కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దేవాడు. పగులుంటే లోపల దాగిన నూనె బయటికొచ్చి సుద్దమీద సన్నటి తడిగీత తేలుతుంది. మీ తాతయ్య తుపాకీ బోల్టుకి ఒక చెవి మొదట్లో ఆ గీత తేలింది. అంతే, దాన్ని పక్కన పెట్టేశాడు.

మీ తాతయ్య ఊరుకుంటాడా. పరిగెత్తుకెళ్ళాడు వర్క్‌షాపుకి. బారకాసుల వెనకాల పొడుగాటి గది అది, ఒకే కిటికీ, దాని కింద సామాను కదలకుండా పట్టి ఉంచే వైసు బిగించిన బల్ల. మూలన బుడ్డి దీపం ఉండేది, వెలుతురుకి కాదు, మసి కోసం. వేరే బోల్టు వెయ్యి బావా అన్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళులే. మూలబడ్డ తుపాకులవి బోల్టులు బోలెడున్నాయి కదా, అన్నీ ఒకే రకం, ఒకే ఫ్యాక్టరీవి, ఒకటి తీసి ఇందులో వెయ్యి అన్నాడు. అన్నయ్య నాలుగైదు తెప్పించాడు. ఒక్కోదాని చెవులకీ దీపం మసి రాసి, దూర్చి, మూసి, మళ్ళీ తీసి చూశాడు. రెండు చెవుల మీదా మసి సమానంగా చెదిరితే రెండూ ఆనుకున్నట్టు. అన్నిటికీ ఒక్క చెవి మీదే చెదిరింది, రెండోది నల్లగా అలాగే ఉంది. చూసి, తుడిచేసి, కుదరదు అన్నాడు. అని అటు తిరిగి ఆకురాయి అందుకున్నాడు. ఎందుకు కుదరదంటే జవాబు లేదు. వేరే తుపాకీ ఒకటి, మొత్తం దాని సామానుతో దానిదే, తీసి ఈయన చేతిలో పెట్టాడు. ఈయన దాన్ని అక్కడే బల్లమీద వదిలేసి ఇంటికొచ్చాడు.

ఆ రోజు ఇంట్లో ఉండాల్సింది నువ్వు. చెప్పు విసిరి ఆ మూలకి, టోపీ విసిరి ఈ మూలకి. మీ అన్నయ్య తనని తాను ఏమనుకుంటున్నాడు, బోల్టు లోపలికి వెన్నలోకి వేలు దిగినట్టు దిగుతోంది, చక్కగా మూసుకుంటోంది, అయినా కుదరదట, ఆ నోట్లో ఇంకో ముక్క లేదా, నేనేమన్నా ఆయన కొట్లో గుమాస్తానా? ఇలా సాగింది. నేను కూర తరుగుతూ ఊఁ కొడుతూ కూర్చున్నా. వాళ్ళిద్దరి మధ్యా దూరితే చివరికి వాళ్ళిద్దరూ ఒకటై నన్నే వెర్రిదాన్ని చేస్తారని నాకు అనుభవమే. రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నా.

సర్దుకోలేదు. అక్కడ తుపాకులు ఒక గదిలో, వాటి బోల్టులు ఇంకో గదిలో పెట్టేవాళ్ళు. దొంగ పడినా పనికిరాని కర్రముక్కే దొరకాలని ఆ ఏర్పాటు. బోల్టుల గదికి ఒక మెతక మనిషి కాపలా. అన్నయ్య ఏదో పనిమీద పైఆఫీసుకి వెళ్ళిన రోజు చూసి, ఈయన ఆ మనిషి దగ్గరికెళ్ళి, మేస్త్రీ ఇమ్మన్నాడని చెప్పి ఒక బోల్టు తీసుకున్నాడు. మేస్త్రీ మాటంటే అక్కడ తిరుగు లేదు, ఇచ్చేశాడు. దాన్ని తన తుపాకీలో వేసుకుని పోటీ సాధనకని మైదానానికి వెళ్ళాడు. మొదట అన్నీ బాగానే పేలాయట. పక్కవాళ్ళకి చూపించి గొప్పలు కూడా పోయాడట, చూడండ్రా కుదరదు మేస్త్రీ కుదరదన్నది ఎలా కుదిరిందో అని. ఆ తరవాత ఒక తూటాకి బోల్టు చెవి విరిగింది. మంట, ఇత్తడి ముక్కలు, అన్నీ వెనక్కి తన్నాయి మొహం మీదికి. నేను పంపు దగ్గర బట్టలు ఉతుకుతున్నా. ఎవరో పరిగెత్తుకుంటూ వస్తుంటే మా ఇంటికే అని ఎలా తెలిసిందో, బట్టలక్కడే పడేసి ఎదురు పరిగెత్తాను.

ఆస్పత్రిలో అన్నయ్య వరండా బల్లమీద కూర్చుని ఉన్నాడు, చేతులకి ఎంత కడిగినా పోని ఆ నూనె మరకలు అలాగే ఉన్నాయి. కట్టు కట్టాక లోపలికి రానిచ్చారు. మీ తాతయ్యకి కుడికన్ను ఇక లేదని అప్పటికే చెప్పేశారు. అన్నయ్య మంచం పక్కన నిలబడ్డాడు. ఈయన అలికిడి పోల్చుకుని అటు తిరిగి, "ఎందుకు కుదరదో ఒక్క ముక్క చెప్పుంటే నేను ముట్టుకునేవాణ్ణా బావా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అన్నయ్య తల వంచి తన చేతుల వంక చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది తల్లీ. నేను వద్దంటే నా పేరు చెప్పి దొంగతనంగా తీసుకుంటావా అని చెంప మీద కొట్టినా బాగుండేది. అన్నయ్య ఆ మాటని నిజంగానే తీసుకున్నాడు. తప్పు తనదే అని మనసులో నాటుకుపోయింది. ఇక ఆ మనిషి ఆ మనిషి కాడు.

ఏమయిందంటే, మాట్లాడటం మొదలుపెట్టాడు. నువ్వు నమ్మవు. ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయా అనిపించేది. దళంలో కొత్తగా చేరిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి చెప్పేవాడు. చెప్తే సరే, అది ఆయన పని. మంగలికి చెప్పేవాడు. పాలవాణ్ణి ఆపి చెప్పేవాడు. ఎవరిదో పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయనకి రెండు వేళ్ళు చూపించి, ఇవి రెండు చెవులనుకోండి, రెండూ ఒకలాగే కనిపిస్తాయి, కానీ ప్రతి బోల్టునీ దాని తుపాకీకి తగ్గట్టు చేత్తో రాకి కూర్చోబెట్టారు, ఇంకోదాంట్లో వేస్తే ఒకటే ఆనుతుంది, బరువంతా దానిమీదే పడుతుంది, మూసుకుంటుంది, పేలుతుంది, బాగానే ఉందనిపిస్తుంది, అక్కడే మోసపోతాం అని మొదలుపెట్టాడు. ఆ పెద్దాయన విస్తరి పట్టుకుని ఇంకో వరసలోకి వెళ్ళిపోయాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. కుదరదు మేస్త్రీ నోరు తెరిచాడు, పారిపోండిరా అని. నాకు ఒళ్ళు మండిపోయేది. వదిన ఒకరోజు నా దగ్గర కూర్చుని ఏడ్చింది, ఆయన మళ్ళీ మూగవాడైతే బాగుణ్ణు అని.

ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చేవాడు. ఆ మాటలు పిల్లల చెవిన పడకుండా ఆ పూట వాళ్ళని వదిన దగ్గరికి పంపేసేదాన్ని. మీ తాతయ్య మంచంమీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నయ్య కుర్చీ లాక్కుని ఆ వీపుతో మాట్లాడేవాడు. అదే సంగతి, మొదటినుంచి. మసి ఎందుకు రాస్తాను, రెండో చెవి నల్లగా ఉంటే దానర్థం ఏంటి, బోల్టు తల మార్చి తూటా వెనక సందు తగ్గిస్తే కొలత సరిపోతుంది కానీ చెవులు కూర్చోవు బావా, అని. ఇంకా ఆ బోల్టు ఈయన తియ్యనే లేదేమో, ఇప్పుడు సరిగ్గా చెప్తే ఆగిపోతాడేమో అన్నట్టు చెప్పేవాడు. ఈయన ఊఁ అనడు, ఉహుఁ అనడు. బెల్లం కొట్టిన రాయే. చెప్పి చెప్పి అలిసిపోయి, నేనిచ్చిన కాఫీ తాగి, వస్తానమ్మా అని వెళ్ళేవాడు. నాకు మటుకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. అటు చూస్తే తోడబుట్టినవాడు, ఇటు చూస్తే కన్నుపోయిన మొగుడు. ఒకటి మాత్రం గమనించేదాన్ని. ఆదివారం పొద్దున్నే ఈయన గడ్డం గీసుకునేవాడు. ఉతికిన చొక్కా అడిగేవాడు. అన్నీ అయ్యాక వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏం మనిషి, మొహం చూపించనివాడికి ఈ సింగారం ఎవరికోసం అనుకునేదాన్ని.

అలా ఎన్నో ఏళ్ళు. మీ అమ్మ పెద్దదయింది, చదువుకుంది. ఒక ఆదివారం అన్నయ్య రాలేదు. ఈయన గడ్డం గీసుకుని పడుకునే ఉన్నాడు. కాసేపటికి లేచి కూర్చున్నాడు. వీధి తలుపు దగ్గరికెళ్ళి చూశాడు, మళ్ళీ వచ్చాడు. మధ్యాహ్నానికి వదిన పంపిన మనిషొచ్చాడు. అన్నయ్యకి గుండె ఆగిపోయిందట, నిద్రలోనే. అన్నీ అయిపోయాయి. పైవారమో ఆ పైవారమో, నేను బియ్యం ఏరుతుంటే ఈయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చుని అన్నాడు కదా, బావ నాకు చెప్పాల్సిన పనేముందే, ఒకడి బోల్టు ఇంకో తుపాకీకి వెయ్యకూడదని దళంలో చేరిన మొదటిరోజే చెప్తారు మాకు, తెలిసే తీశాను, ఆయన వివరంగా చెప్పినా తీసేవాణ్ణే, నాకు ఆ పోటీ పిచ్చి పట్టింది అని. ఆస్పత్రిలో అన్నమాట నొప్పిలో అన్నాను, ఎవరో ఒకర్ని అనాలి కదా, అన్నాను అని.

చేట పక్కన పెట్టేశాను. ఏళ్ళ తరబడి మా అన్నయ్య ఆ కుర్చీలో కూర్చుని గొంతు ఎండేలా చెప్పాడే, ఊరంతా నవ్వుతుంటే తలదించుకుని తిరిగాడే, ఈ ఒక్క మాట ఆయనకి చెప్తే మీ సొమ్మేం పోయింది అన్నాను. అరిచాననుకుంటా. ఈయన నావైపు చూళ్ళేదు.

"చెప్తే ఇంక రాడేమోనని," అన్నాడు.

కన్నుపోయాక దళంవాళ్ళలో ఇంకొక్కడూ గడప తొక్కలేదు కదా. బావ ఒక్కడే వచ్చేవాడట. తప్పు తనదనుకుని వస్తున్నాడు, కాదని తెలిస్తే ఎందుకొస్తాడు అనుకున్నాడట. ఏమనాలి తల్లీ అలాంటి మనిషిని? మా అన్నయ్య అందుకోసం వచ్చేవాడంటావా? ఊరికే వచ్చేవాడు కాదా? స్నేహితుడని వచ్చేవాడు కాదా?

లే, ఆ కిటికీ వెయ్యి. దోమలొస్తున్నాయి.