ప్లాస్మా పెట్టిన తలుపు

జగ్గయ్యపేటలో ఇంటి నుంచి హరిచరణ్ ఫోను. నందిగామ కాలేజీ ల్యాబులో భార్య గీతాంజలి ఎత్తింది.

"మీ సారు మన బాత్‌రూంలో ఇరుక్కుపోయారు గీతా."

"ఏ సారు?"

"ఏ సారేంటి, ప్రేమానందం గారు. నీ ప్రాజెక్టు చూడ్డానికొచ్చిన ఆయన. బస్సులో నిద్రపోయి నందిగామ దాటొచ్చేశారని మనింటికి పంపింది నువ్వే కదా."

"పంపింది కాఫీ ఇవ్వమని."

"ఇచ్చా. తాగాక బాత్‌రూమన్నారు. ఇప్పుడు తలుపు రావట్లా."

"ఫైబర్ తలుపేగా, గట్టిగా లాగండి."

"లాగా. అంటే... పొద్దున దానికో చిన్న రిపేరు చేశా."

"ఏం రిపేరు?"

"అంచు పట్టీ ఊడొస్తోంది కదా. ఫైబర్ మీద జిగురు నిలవదు, ప్లాస్మా మంట చూపిస్తే ఉడుంపట్టు పడుతుందని నువ్వే అన్నావ్. శనివారం నువ్వు తెచ్చిన మెషీన్ ఉంటే, ఆ ఊదారంగు మంట కాస్త చూపించి, జిగురు పూసి..."

"నా మెషీన్ ముట్టుకున్నారా?"

"ముట్టుకోలా. పట్టుకున్నా, అంతే."

"జిగురు దారబందానిక్కూడా పూశారా?"

"పుయ్యలా. కారిందేమో."

"వడ్రంగి మోజెస్‌కి ఫోన్ చేశారా?"

"చేశా. ముక్త్యాలలో ఉన్నాడంట. సిమెంటు లారీలు దాటుకుని రావాలిగా, గంట పడుతుందన్నాడు."

"అయిపోయింది. ఆయనెవరో తెలుసా మీకు? మంట చూపిస్తే జిగురు పట్టడమేంటి, ఇదంతా గారడీ, ప్రాజెక్టు ఆపెయ్యండని రాసిందాయనే. ఇవాళ నచ్చకపోతే నా పనంతా గంగలో కలిసినట్టే. ఫోన్ స్పీకర్లో పెట్టి తలుపు దగ్గరికెళ్లండి."

"వెళ్లా. మాట్లాడు."

"సార్, నమస్తే సార్. గీతాంజలిని. చాలా సారీ సార్."

"అదలా ఉంచమ్మా. ఈ తలుపుకి ప్లాస్మా పెట్టారని మీ ఆయన అంటుంటే విన్నా. నిజమేనా?"

"పొద్దున పెట్టారంట సార్."

"భుజంతో గుద్దా, కదల్లేదు. కాలితో తన్నా. నా చెప్పు తెగింది గానీ తలుపు కదల్లేదు."

"గీతా, ఒక్క మాట."

"ఉండండి, సారు మాట్లాడుతున్నారు."

"చూడమ్మా, నా సర్వీసంతా అతుకులు ఊడగొట్టి చూడ్డమే. ఇలాంటి అతుకు నేను చూళ్లా. నేను రాసింది తప్పు. ప్రాజెక్టు ఆపొద్దు, పొడిగించండని ఇక్కణ్ణుంచే మెయిల్ పెడతా. ఫోను జేబులోనే ఉంది."

"సార్... చాలా థాంక్స్ సార్."

"గీతా, ఒక చిన్న విషయం."

"ఆగండి అంటున్నానా."

"ఏడవకమ్మా. అబ్బాయ్, ఈ బకెట్టు బోర్లించుకుని కూర్చోవచ్చా? నిలబడి టైపు చెయ్యలేను."

"కూర్చోండి సార్, నిదానంగా రాయండి. గీతా, స్పీకర్ తీసేసి ఇవతలికొచ్చా. మెల్లగా మాట్లాడు."

"ఇప్పుడేంటండీ?"

"జిగురు ఆరేదాకా తలుపు ఊగకూడదని పొద్దుట్నుంచీ బయట పై గడియ పెడుతూనే ఉన్నా. ఆయన లోపలికెళ్లాక కూడా అలవాటుగా పెట్టేసినట్టున్నా, ఇందాకే చూశా. ఇప్పుడు తియ్యనా, మెయిల్ వెళ్లాక తియ్యనా?"